ముందు మీ పేరు చెప్పండి

వేదిక మీది పెద్దలకు, గ్రంథాలయ వారోత్సవాలకు వచ్చిన మీ అందరికీ నమస్కారం. జ్ఞాపకశక్తి పెంచుకోవడం గురించి పిల్లలకు నాలుగు మాటలు చెప్పమన్నారు. చెబుతాను. ముందు మొహాల సంగతి మాట్లాడనివ్వండి.

మా అన్నయ్య కూతురికి పద్యం రెండుసార్లు వింటే వచ్చేస్తుంది. మనుషుల మొహాలే గుర్తుండవు. నిశ్చితార్థం అయ్యాక ఒకరోజు బస్టాండులో కాబోయే అత్తగారు ఎదురైతే, పలకరించకుండా వెళ్ళిపోయింది. "ఇప్పుడే ఇంత పొగరా?" అన్నారు. సంబంధం తప్పిపోయింది. పట్టుచీరలో, కొప్పున పూలతో చూసిన మనిషిని మామూలు నేతచీరలో పోల్చుకోలేకపోయిందండీ, అంతే! కళ్ళు బాగానే ఉన్నాయి. పొగరు అసలే లేదు.

దీన్ని ప్రొసోపగ్నోసియా అంటారు. 1947లో బోడామర్ అనే జర్మన్ డాక్టరు పెట్టిన పేరు. ఆయన చూసిన ఒక యువకుడు తలకు తూటా తగిలాక ఇంట్లోవాళ్ళనే కాదు, అద్దంలో తన మొహాన్నీ గుర్తుపట్టలేకపోయాడు. ఏ దెబ్బా తగలకుండా పుట్టుకతోనూ ఉంటుంది, కొన్ని కుటుంబాల్లో వరసగా వస్తుంది. వందలో ఇద్దరి దాకా ఉండొచ్చని అంచనా. ఈ హాల్లోనూ ఉండొచ్చు. పేరుమోసిన న్యూరాలజిస్టు ఆలివర్ సాక్స్‌కే ఉండేది. మెదడు అడుగున ఫ్యూసిఫారం గైరస్ అనే మడత ఉంది. మొహాలు పోల్చుకోవడంలో దానిది పెద్ద పాత్ర. పద్యాలు గుర్తుంచుకునే పని వేరే చోట్ల జరుగుతుంది. మా వదిన పాపం సరస్వతీ లేహ్యం ఎంత తినిపించినా లాభం లేకపోయింది.

ఇక మన అలవాటు చూడండి. పెళ్ళిలో ఎవరైనా కనబడితే చాలు, "నేనెవరో చెప్పుకో చూద్దాం" అని నిలదీస్తాం. ఎందుకమ్మా ఆ పరీక్ష? మా పిల్ల గొంతు విని, నడక చూసి మనిషిని పోల్చుకుంటుంది. మీరు నోరు విప్పకుండా నవ్వుతూ ఎదురుగా నిలబడితే ఆ పిల్ల దేన్ని పట్టుకోవాలి? ఆ టెన్షన్‌కే పెళ్ళిళ్ళకు రావడం మానేసింది. "ఫలానా వాళ్ళ పిన్నినమ్మా" అంటే మీ సొమ్మేం పోతుంది?

టైమైందని చీటీ పంపారు. జ్ఞాపకశక్తి గురించి మరోసారి మాట్లాడతాను. ఇక్కడ టీచర్లున్నారు, మిమ్మల్ని ఒక్కటే అడుగుతాను. యూనిఫాంలో, రెండు జడలతో అందరూ ఒకేలా ఉన్నచోట ఒక పిల్ల రోజూ స్నేహితుల్ని వెతుక్కుంటూ నిలబడుతుంటే, బజారులో మీకు దండం పెట్టకుండా పోతే, దయచేసి క్లాసులో నిలబెట్టి తిట్టకండి. పక్కకు పిలిచి, "మొహాలు పోల్చుకోవడం కష్టంగా ఉందా అమ్మా?" అని అడగండి. మా పిల్లను చదువుకున్నన్నాళ్ళూ ఎవరూ ఆ మాట అడగలేదు.