చుక్కలు పెట్టిన చేతికి శ్రేఢులు కొత్త కాదు

(గుంటూరులో ఓపెన్ స్కూల్ పదో తరగతి రాయబోతున్నవారితో ఒక ఆదివారం మాట్లాడిన మాటలు)

అందరికీ నమస్కారం.

మీలో మిర్చి యార్డులో పని ముగించుకుని వచ్చినవాళ్లున్నారు, కుట్టు మిషను ఆపి వచ్చినవాళ్లున్నారు, పిల్లల్ని అత్తగారికి అప్పజెప్పి వచ్చిన అమ్మలున్నారు. ఆదివారం పూట ఇంతమంది వచ్చి కూర్చోవడం చూస్తే నాకు చాలా సంతోషంగా ఉంది.

నేను డ్రాయింగ్ మాస్టారిని. పదో తరగతి లెక్కల్లో తప్పి, విజయవాడ గాంధీనగర్‌లో బోర్డులు రాసే షాపులో చేరాను. మన దగ్గర ఓపెన్ స్కూల్, అంటే సార్వత్రిక విద్యాపీఠం, 1991లో మొదలైంది. ఆ తర్వాత కొన్నేళ్లకు నేనూ అందులో ఫీజు కట్టి, అదే లెక్కల పరీక్ష మళ్లీ రాసి పాసయ్యాను. మధ్యలో ఏ ట్యూషనుకూ వెళ్లలేదు. బొమ్మలే నేర్పాయి. ఎలాగో చెబుతాను.

ముందు అమ్మల్ని అడుగుతాను. పదిహేను చుక్కలు, సందు చుక్క ఎనిమిది వరకు. ఈ మాట తెలియనివాళ్లు ఇక్కడ ఉన్నారా? మధ్య వరసలో 15, పైన 14, ఆపైన 13, అలా 8 దాకా. కింద కూడా అంతే. సంక్రాంతి నెలలో తెల్లవారకముందే మంచులో వంగి పెట్టే ముగ్గు చుక్కలే ఇవి. మొత్తం ఎన్ని చుక్కలు పెడుతున్నారో ఎప్పుడైనా లెక్కపెట్టారా?

బోర్డు మీద చూడండి. పై సగంలో 14, 13, 12, 11, 10, 9, 8. ఈ చివరి 14నీ ఆ చివరి 8నీ కలపండి, 22. పదమూడూ తొమ్మిదీ, 22. పన్నెండూ పదీ, 22. పదకొండు ఒక్కటే మిగిలింది. మూడు ఇరవైరెళ్లు 66, దానికి 11 కలిపితే 77. కింద సగం ఇంకో 77. మధ్యలో 15. మొత్తం 169.

ఇదేనమ్మా అంకశ్రేఢి, ప్రతిసారీ ఒకే లెక్కన పెరిగే, తగ్గే అంకెల వరస. మొదటి పదం, చివరి పదం కలిపి, పదాల సంఖ్యతో గుణించి, సగం చెయ్యమంటుంది పుస్తకం. 22ని 7తో గుణిస్తే 154, సగం 77. సామాన్య భేదం అనే మాట చూసి చాలామంది పేజీ తిప్పేస్తారు. సందు చుక్కలో వరసకి ఒకటి తగ్గుతుంది, ఎదురు చుక్కలో రెండు తగ్గుతాయి. ఆ తగ్గేదే సామాన్య భేదం. సూత్రం బట్టీ పట్టవద్దని నేను అనను, పరీక్షలో అది రాయాలి. కాకపోతే ముందు చుక్కల్లో చూడండి, ఆ తర్వాత బట్టీ పట్టండి. అలా పట్టింది పోదు.

ఇప్పుడు తమ్ముళ్లకు. షాపులో నాకు తగిలిన దెబ్బ ఒకటి చెబుతాను. చిన్న ఫొటోని పెద్ద బోర్డు మీదికి ఎక్కించాలంటే గళ్లు గీస్తాం. ఫొటో మీద అంగుళం గడి, బోర్డు మీద అడుగు గడి. ఏ గడిలో ముక్కు ఉందో ఆ గడిలోనే ముక్కు గీస్తాం. ఇదే నిష్పత్తి. ఒకే ఆకారంలో చిన్నాపెద్దా ఉండే త్రిభుజాలు, అంటే సరూప త్రిభుజాల పాఠమంతా ఈ గళ్లలోనే ఉంది.

ఒకసారి మూడడుగుల పొడవు, రెండడుగుల ఎత్తు బోర్డుకి ఒక డబ్బా రంగు పట్టింది. మర్నాడు ఆరడుగులు, నాలుగడుగుల బోర్డు. రెట్టింపే కదా అని రెండు డబ్బాలు తెచ్చాను. సగం బోర్డు దగ్గరే రంగు అయిపోయింది. ఓనరు అందరి ముందూ తిట్టాడు. ఆ రాత్రి షాపు గచ్చు మీద చాక్‌పీసుతో రెండు బోర్డులూ గీసి అడుగు గళ్లు లెక్కపెట్టాను. చిన్నదాంట్లో 6, పెద్దదాంట్లో 24. భుజం రెండింతలైతే వైశాల్యం నాలుగింతలు. సరూప త్రిభుజాల వైశాల్యాల నిష్పత్తి భుజాల వర్గాల నిష్పత్తికి సమానమని పుస్తకంలో ఉన్న సిద్ధాంతం ఇదే. స్కూల్లో నాకు ఎక్కలేదు, ఆ గచ్చు మీద ఎక్కింది.

కోణాలకు మన జెండా చాలు. 1921లో పింగళి వెంకయ్యగారు గాంధీగారికి జెండా నమూనా ఇచ్చింది మన బెజవాడలోనే. ఇప్పటి జెండా పొడవు, ఎత్తు 3:2. చక్రంలో 24 ఆకులు. 360ని 24తో భాగిస్తే ఆకుకీ ఆకుకీ మధ్య 15 డిగ్రీలు. వృత్తలేఖినితో ఒక్కసారి గీయండి.

సాంఘిక శాస్త్రానికి నాకు గురువులు అమరావతి శిల్పులు. మదమెక్కిన నాలగిరి ఏనుగును బుద్ధుడు శాంతపరిచిన శిల్పం అక్కడిదే, ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. ఒకే గుండ్రటి పలకలో ఏనుగు రెండుసార్లు కనిపిస్తుంది. ఒక పక్క వీధిలో జనం మీద పడుతుంటుంది, ఇంకో పక్క మోకరిల్లి ఉంటుంది. ముందేం జరిగిందో, తర్వాతేం జరిగిందో ఒక్క చూపులో తెలిసిపోతుంది. ఉప్పు సత్యాగ్రహాన్ని నేను అలాగే గీసుకున్నాను. గుండ్రం గీసి, ఎడమ పక్క సబర్మతి, 1930 మార్చి 12, గాంధీగారి వెంట 78 మంది. కుడి పక్క దండి, ఏప్రిల్ 6, గుప్పిట్లో ఉప్పు. బొమ్మ బాగా రాకపోయినా ఫరవాలేదు. గీసిన చెయ్యి తేదీ మరిచిపోదు.

చాక్‌పీసులు తెచ్చాను. ఈ వరండా గచ్చు కడిగి ఆరబెట్టారు. ఏడు చుక్కలు, ఎదురు చుక్క ఒకటి వరకు. పెట్టేముందు మొత్తం ఎన్నవుతాయో కాగితం మీద రాయండి, తర్వాత లెక్కపెడదాం. రండమ్మా, ఎవరు మొదలుపెడతారు?