స్కాన్ తియ్యకుండా మందు ఎలా రాస్తారు?

“స్కాన్ లేదు, రక్తపరీక్ష లేదు, అరగంట మాట్లాడి మందు రాసేశాడండీ!” సైకియాట్రిస్టుల గురించి ఈ మాట వింటే ఒళ్లు మండుతుంది. ఆ అరగంటే అసలు పరీక్ష.

బావి మీద మోటారు ఉంది. తిరుగుతోంది, నీళ్లు పడట్లేదు. మెకానిక్ వచ్చీరాగానే రెంచి తియ్యడు, అడుగుతాడు. ఎప్పట్నుంచి? ఒక్కసారే ఆగిందా, ధార సన్నబడుతూ వచ్చిందా? ఫుట్‌వాల్వ్ కారుతోందా, బావే ఎండిందా?

డిప్రెషన్ కూడా ‘నీళ్లు పడట్లేదు’ లాంటిదే. మన దగ్గర చాలామంది దిగులు అని కూడా చెప్పరు. తల బరువు, ఒళ్లు మంటలు, గ్యాస్ అంటారు. డిప్రెషన్ అని తేల్చాలంటే దిగులో, దేనిమీదా ఆసక్తి లేకపోవడమో, రెంటిలో ఒకటి తప్పకుండా ఉండాలి. దాంతో కలిపి 9 లక్షణాల్లో కనీసం 5, రెండు వారాలపాటు, దాదాపు రోజూ ఉండాలి. థైరాయిడ్, హిమోగ్లోబిన్, బీ12 పరీక్షలు రాసేది డిప్రెషన్ పట్టుకోడానికి కాదు, బావి ఎండలేదని, అంటే ఒంట్లో వేరే జబ్బు లేదని తేల్చుకోడానికి.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న: వోల్టేజీ ఎప్పుడైనా ఎగిరిందా? అంటే, నాలుగైదు రోజులు వరసగా మూడు గంటలే పడుకున్నా అలసట లేకుండా, మాట ఆగకుండా, చేతిలో డబ్బు నిలవకుండా గడిచాయా? దీన్ని ఇంట్లోవాళ్లనీ అడగాలి. పేషెంటుకి అవి ‘బాగున్న రోజులు’. పక్కన కూర్చున్న భార్యే “అప్పుడే కదండీ రెండెకరాలు బేరం పెట్టేశారు” అంటుంది. ఆ ఒక్క వాక్యంతో ప్రిస్క్రిప్షన్ మారిపోతుంది. అది బైపోలార్ (దిగులూ, ఇలాంటి హుషారూ మారిమారి వచ్చే జబ్బు) అయితే, డిప్రెషన్ మందు ఒక్కటే ఇస్తే మేనియాలోకి, అంటే అదుపు తప్పిన హుషారులోకి ఎగిరిపోవచ్చు. హై వోల్టేజీ లైనుకి మోటారు తగిలించినట్టే, వైండింగ్ కాలుతుంది. అక్కడ లిథియం, క్వెటియాపిన్ లాంటి మందులు కావాలి.

చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడుగుతారు. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది ఉత్త భయం. ఇంట్లో పురుగుల మందు ఉందా, తాళం ఎవరి దగ్గర ఉంది అని కూడా అడగాలి. (తెర మీద: ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416, ఎప్పుడైనా చెయ్యొచ్చు.)

టైమైపోతోంది, గబగబా చెప్పేస్తా. డిప్రెషన్‌కి సాధారణంగా ఎస్సిటలోప్రామ్ అనే మందు రోజుకి 5 మిల్లీగ్రాములతో మొదలెట్టి, వారం తర్వాత రోజుకి 10 చేస్తారు. వయసు పైబడినవాళ్లలో రక్తంలో సోడియం పడిపోవచ్చు, మగత, తికమక కనిపిస్తే పరీక్ష చేయించాలి. మొదటి వారం వికారం, కంగారు ఉండొచ్చు. అయిదో రోజు మానేసేవాళ్లంతా ఇక్కడే మానేస్తారు. గుణం కనిపించడానికి 2 నుంచి 4 వారాలు. నాలుగు వారాలకీ కదలిక లేకపోతే డోసో మందో మారుస్తారు. తగ్గాక కనీసం 6 నెలలు వాడాలి, ఆపేటప్పుడు డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. ఠక్కున ఆపితే తల తిరిగి, లోపల కరెంటు జివ్వుమన్నట్టు ఉంటుంది. మందుకి అలవాటు పడిపోయామని కంగారుపడేది దీన్ని చూసే.