పాత హుక్కు, రెండు వైర్లు, కొత్త ఫ్యాన్

అందరికీ నమస్కారం.

ఇంటి వస్తువుల డిజైన్ గురించి మాట్లాడమన్నారు. కుర్చీలు, లైట్లు, కాఫీ మెషిన్లు వదిలేసి సీలింగ్ ఫ్యాన్‌ని తీసుకుంటున్నాను. ముప్పై ఏళ్ల కిందటి ఫ్యాన్‌నీ నిన్న కొన్నదాన్నీ పక్కపక్కన పెట్టండి. అవే మూడు రెక్కలు, అదే రాడ్డు, రాడ్డు కొసన అదే గిన్నె లాంటి కప్పు. లోపల మాత్రం మోటారు జాతే వేరు. ఇంతగా మారి కూడా మారినట్టు కనపడని వస్తువు మన ఇళ్లలో ఇంకోటి ఉందేమో వెతకండి, నాకైతే తట్టలేదు.

ముందు పాత మోటారు సంగతి. 1880ల్లో అమెరికాలో ఫిలిప్ డీల్ అనే ఇంజినీరు కుట్టుమిషన్ మోటారుకు రెక్కలు పెట్టి సీలింగ్‌కి వేలాడదీశాడు. తర్వాత మన దగ్గర స్థిరపడింది ఇండక్షన్ మోటారు. మధ్యలో కదలకుండా వైండింగ్, అంటే రాగి తీగ చుట్టలు ఉంటాయి, ఆ కదలని భాగం స్టేటర్. దాని చుట్టూ ఉన్న పెంకు రెక్కలతో సహా తిరుగుతుంది, అది రోటర్. ఇంటికొచ్చే కరెంటు సింగిల్ ఫేజ్, అంటే ఒకే తరంగం. దాంతో ఉత్తినే తిరిగే అయస్కాంత క్షేత్రం పుట్టదు కాబట్టి 2.5 మైక్రోఫారడ్ కండెన్సర్ (కెపాసిటర్ అన్నా అదే) ఒకటి పెట్టి రెండో వైండింగ్‌లో కరెంటును ముందుకు జరుపుతారు. ఆ కండెన్సర్ బలం తగ్గిందంటే ఫ్యాన్ నీరసంగా తిరుగుతుంది. ఎలక్ట్రీషియన్ వచ్చి పది నిమిషాల్లో మార్చేసి వెళ్లిపోతాడు.

50 హెర్ట్జ్ కరెంటు మీద 14 పోళ్ల (అయస్కాంత ధ్రువాల) మోటారులో క్షేత్రం నిమిషానికి 428 చుట్లు తిరుగుతుంది. రెక్కలు మాత్రం 350, 360 దగ్గరే ఉంటాయి. ఆ వెనకబాటును స్లిప్ అంటాం. స్లిప్ లేకపోతే ఇండక్షన్ మోటారుకి తిప్పే బలమే రాదు, అయితే అది ఎంత ఉంటే అంత శక్తి రోటర్‌లో వేడిగా పోతుంది. పైగా అరచేతంత స్టేటర్‌లో అన్ని పోళ్లు ఇరికిస్తే, అయస్కాంతాన్ని పుట్టించడానికే బోలెడు కరెంటు రాగి తీగలో తిరగాలి. 75 వాట్లు తాగే ఫ్యాన్‌లో రెక్కలదాకా చేరేది 20, 25 వాట్లే. రాత్రంతా తిరిగిన పాత ఫ్యాన్‌ని పొద్దున్నే ఆపి మోటారు మీద చెయ్యి పెడితే మిగతాది ఎక్కడికి పోయిందో తెలుస్తుంది. మే నెలలో ఆ వేడి కూడా గదిలోకే వస్తుంది.

కొత్త ఫ్యాన్లలో ఉండేది బీఎల్‌డీసీ, అంటే బ్రష్‌లెస్ డీసీ మోటారు. ఇందులో తిరిగే పెంకు లోపలి అంచుకి ఫెర్రైట్ అయస్కాంతాలు అతికించి ఉంటాయి. క్షేత్రం పుట్టించడానికి కరెంటు ఖర్చు లేదు, స్లిప్ లేదు. బదులుగా ఒక బోర్డు కావాలి. అది 230 వోల్టుల ఏసీని డీసీ చేసి, వోల్టేజీని దించి, మాస్ఫెట్లు అనే ఆరు ఎలక్ట్రానిక్ స్విచ్చులతో ముక్కలు చేసి మూడు ఫేజులుగా వైండింగ్‌కి పంపుతుంది. అదే పనికి 28 నుంచి 35 వాట్లు సరిపోతాయి. మన దేశంలో కోయంబత్తూరు కంపెనీ వెర్సా డ్రైవ్స్ 2012లో సూపర్‌ఫ్యాన్ పేరుతో 35 వాట్ల ఫ్యాన్ తెచ్చింది. అదే ఏడాది ఐఐటీ బాంబే పూర్వ విద్యార్థులు మనోజ్ మీనా, శిబబ్రత దాస్ ఆటంబర్గ్ కంపెనీ మొదలుపెట్టారు. ఇప్పుడు పాత పెద్ద కంపెనీలన్నీ ఇదే దారిలో ఉన్నాయి.

ఇక్కడ ఒక చిన్న విషయం చూడండి, ఈ మోటారు స్వభావం మొత్తం ఇందులో తెలిసిపోతుంది. స్విచ్ వేయగానే కొన్ని ఫ్యాన్లు కాస్త వెనక్కి జరిగి, ఒక్క క్షణం ఆగి, అప్పుడు తిరగడం మొదలుపెడతాయి. "కొత్త ఫ్యాన్ పాడైంది" అని షాపుకి ఫోన్లు వెళ్లేది దీనికే. అసలు కారణం ఏమిటంటే, ఖర్చు తగ్గించడానికీ వేడికి పాడయ్యే భాగాలు తగ్గించడానికీ ఇందులో పొజిషన్ సెన్సర్లు పెట్టరు. తిరిగే అయస్కాంతం వైండింగ్‌లో పుట్టించే వోల్టేజీని చూసి బోర్డు రోటర్ ఎక్కడుందో లెక్కేసుకుంటుంది. ఆగి ఉన్న ఫ్యాన్‌లో ఆ వోల్టేజీ ఉండదు. అందుకని ముందు ఒక ఫేజుకి కరెంటిచ్చి రోటర్‌ని తెలిసిన చోటికి లాగి, అక్కడి నుంచి నెమ్మదిగా వేగం పెంచుతుంది. పక్క ఫ్యాన్ గాలికి రెక్కలు ఎదురు దిశలో తిరుగుతుంటే కొన్ని బోర్డులు తికమకపడి రెండు మూడు సార్లు ప్రయత్నిస్తాయి. ముందు రోటర్ కదులుతోందా అని చూసుకుని, కదులుతుంటే బ్రేకు వేసి, ఆ తర్వాత మొదలుపెట్టాలి. ఆ పని చేసే సాఫ్ట్‌వేర్ రాయడం తెలిసినవాళ్ల ఫ్యాన్‌కీ తెలియనివాళ్ల ఫ్యాన్‌కీ తేడా ఇక్కడే బయటపడుతుంది.

ఈ రకం మోటారు గురించి పుస్తకాల్లో ఎప్పటినుంచో ఉన్నదే. కష్టమంతా దాన్ని మన ఇంట్లో పెట్టడంలో ఉంది. స్లాబులో ఎప్పుడో వేసిన హుక్కు ఉంటుంది, దాని దగ్గరికి రెండే వైర్లు వస్తాయి: రెగ్యులేటర్ మీదుగా వచ్చే ఫేజు, న్యూట్రల్. మూడో వైరు లాగాలంటే గోడ కొట్టాలి. కొత్త ఫ్యాన్‌కి వేగం ఎంతో చెప్పడానికి వేరే తీగ దొరకదు కాబట్టే రిమోట్ వచ్చింది. చాలామంది దాన్ని హంగు అనుకుంటారు, నిజానికి అది గత్యంతరం లేక పెట్టింది. రిమోట్ సోఫా సందులో పోతే ఏం చేయాలన్నదానికి కొన్ని కంపెనీలు మంచి ఉపాయం కనిపెట్టాయి: గోడ స్విచ్చిని ఆపి వెంటనే వేస్తే ఫ్యాన్ వేగం మార్చుకుంటుంది. రెండే వైర్లున్నచోట స్విచ్చినే భాషగా వాడుకోవడం నాకు ఈ ఫ్యాన్ మొత్తంలో బాగా నచ్చిన పని. వృద్ధులున్న ఇంట్లో ఇది ఉందో లేదో అడిగి మరీ కొనండి.

మరి గోడ మీద ఉన్న పాత రెగ్యులేటర్ సంగతేంటి? ఇక్కడే ఎక్కువ ఫ్యాన్లు పోతాయి. మెట్టు మెట్టుగా టిక్కుమనే కెపాసిటర్ రెగ్యులేటర్‌ని 5 మీద ఉంచితే కరెంటు నేరుగా వెళ్తుంది, ఇబ్బంది లేదు. 2 మీదికో 3 మీదికో తిప్పితే బోర్డుకి వోల్టేజీ చాలక ఫ్యాన్ ఆగుతూ తిరుగుతూ ఉంటుంది. మెట్లు లేకుండా జారుగా తిరిగే ట్రయాక్ రెగ్యులేటర్ ఇంకా ప్రమాదం. అది పూర్తిగా తిప్పినా ఏసీ తరంగాన్ని కాస్త కోస్తూనే ఉంటుంది. ఆ కోసిన అంచు దగ్గర బోర్డు మీది పెద్ద కెపాసిటర్ సెకనుకు వంద సార్లు ఒక్క ఉదుటున కరెంటు గుంజుతుంది. ముందు సన్నని గీ శబ్దం వస్తుంది, తర్వాత బోర్డు వేడెక్కుతుంది, కొన్ని నెలలకు పోతుంది. కాబట్టి ఫ్యాన్ బిగించేరోజే రెగ్యులేటర్ తీయించి ఆ చోట మూతపలక వేయించండి. రెగ్యులేటర్‌తో పనిచేసేలా ప్రత్యేకంగా చేసిన మోడళ్లు కూడా ఉన్నాయి. డబ్బా మీద ఆ మాట రాసి ఉంటే తప్ప ఉంచొద్దు.

ఇన్వర్టర్ ఉన్న ఇళ్లలో లాభం కరెంటు బిల్లు కంటే ముందు బ్యాటరీలో కనపడుతుంది. 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీలో పేరుకి 1800 వాట్-అవర్లు ఉంటాయి. లెడ్ యాసిడ్ బ్యాటరీని పూర్తిగా పిండకూడదు, ఇన్వర్టర్ కూడా కొంత తింటుంది, చివరికి చేతికొచ్చేది వెయ్యి అనుకోండి. నాలుగు పాత ఫ్యాన్లు అంటే 300 వాట్లు, మూడు గంటల పైచిలుకు. నాలుగు కొత్తవి 120 వాట్లు, ఎనిమిది గంటలు. చవక రకం స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద పాత ఫ్యాన్ చేసే గుర్రుమనే శబ్దం కూడా ఉండదు, ఎందుకంటే బోర్డు ఎలాగూ దాన్ని డీసీ చేసేస్తుంది.

లో వోల్టేజీ ఊళ్లలో ఇంకో తేడా. ఇండక్షన్ మోటారు బలం వోల్టేజీ వర్గంతో తగ్గుతుంది. 230 రావాల్సిన చోట 170 వస్తే బలం సుమారు 55 శాతానికి పడిపోతుంది. సాయంత్రం అందరూ మోటార్లు, ఏసీలు వేసే వేళకి ఫ్యాన్ నత్తనడక నడిచేది అందుకే. బీఎల్‌డీసీ బోర్డు ఆ లోటుని కరెంటు ఎక్కువ తీసుకుని పూడ్చుకుంటుంది, వేగం తగ్గదు.

ఇప్పుడు డబ్బు లెక్క. ఇందులో ప్రకటనలు కొంచెం గారడీ చేస్తాయి. 75 వాట్లది తీసి 30 వాట్లది పెడితే తేడా 45 వాట్లు. రోజుకి 12 గంటలు, ఏడాదికి 300 రోజులు వేసుకుంటే 162 యూనిట్లు. బాగానే ఉంది. కానీ 2023 జనవరి 1 నుంచి సీలింగ్ ఫ్యాన్లకి స్టార్ లేబుల్ తప్పనిసరి. అప్పటి పట్టిక ప్రకారం 1200 మిల్లీమీటర్ల ఫ్యాన్‌కి ఒక స్టార్ రావాలన్నా ప్రతి వాట్‌కీ నిమిషానికి కనీసం 4 ఘనమీటర్ల గాలి తోయాల్సి వచ్చింది. అందుకని ఇప్పుడు షాపులో ఉన్న ఇండక్షన్ ఫ్యాన్లు 50 వాట్ల చుట్టుపక్కలకి దిగాయి. కొత్తగా కొనేవాళ్లకి అసలు పోలిక 52కీ 30కీ మధ్య. అంటే ఏడాదికి 80 యూనిట్ల లోపే. పడగ్గదికి, హాలుకి బీఎల్‌డీసీ కచ్చితంగా గిట్టుబాటు. చుట్టాలొచ్చినప్పుడు మాత్రమే తెరిచే గదికి అక్కర్లేదు.

అదే పట్టికలో ఐదు స్టార్లకి వాట్‌కి 6 ఘనమీటర్లు కావాల్సి వచ్చింది. ఇది భాగహారం కదా, పైసంఖ్య పెంచొచ్చు, కిందిసంఖ్య తగ్గించొచ్చు. రెక్క తాగే శక్తి వేగం ఘనంతో మారుతుంది. వేగం 10 శాతం తగ్గిస్తే గాలి 10 శాతమే తగ్గుతుంది, రెక్కల మీద శక్తి 27 శాతం తగ్గుతుంది. అంటే ఫ్యాన్‌ని కాస్త నెమ్మదింపజేసి కూడా నిష్పత్తిని బాగా చూపించొచ్చు. అందుకే స్టార్లు లెక్కపెట్టి ఊరుకోకండి. పక్కనే ఎయిర్ డెలివరీ అని ఒక అంకె ఉంటుంది. 1200 ఎంఎం ఫ్యాన్‌కి అది నిమిషానికి 220 ఘనమీటర్లకి పైన ఉంటే మన ఎండాకాలానికి ఆనుతుంది. 210 దగ్గర ఉన్నవి హాలుకి చాలవు.

రెక్కల గురించి కొంచెం. నిమిషానికి 350 చుట్ల వేగంలో రెక్క కొస సెకనుకు 22 మీటర్లు పోతుంది, మోటారు పక్కన ఉన్న మొదలు ఐదారు మీటర్లే. అందువల్ల మొదట్లో వాలు ఎక్కువ, కొసన తక్కువ ఉండేలా మెలితిప్పిన రెక్క మంచిది. ఫ్లోరిడా సోలార్ ఎనర్జీ సెంటర్‌లో డానీ పార్కర్ ఈ దారిలో పనిచేశారు. మన దగ్గర ఇంకా అచ్చులో నొక్కిన అల్యూమినియం రేకులే ఎక్కువ.

పాడయ్యేదాని దగ్గరికి వద్దాం. మోటారు పోదు, బోర్డు పోతుంది. మొదటి కారణం వేడి. బోర్డు మీది ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ ఆయుష్షు వేడి పెరిగే ప్రతి 10 డిగ్రీలకీ సగమవుతుంది. 105 డిగ్రీల దగ్గర 2000 గంటలు అని రాసున్న కెపాసిటర్ 65 డిగ్రీల్లో ఉంటే 32,000 గంటలు వస్తుంది, రోజుకి 12 గంటల చొప్పున ఏడేళ్లు. అదే 75 డిగ్రీలైతే మూడున్నరేళ్లే. పై అంతస్తు స్లాబు కింద, మూసిన కప్పులో ఆ పది డిగ్రీలు సులువుగా పెరుగుతాయి. 5000 గంటల రకం వాడితే సమస్య తీరిపోతుంది, పెరిగే ఖర్చు కొద్ది రూపాయలు. గ్యారంటీ రెండేళ్లా ఐదేళ్లా అన్నది చాలావరకు ఈ ఒక్క భాగం చెబుతుంది.

రెండోది వోల్టేజీ. 230 ఏసీని డీసీ చేస్తే శిఖరం 325 వోల్టులు. 300 వచ్చిందంటే 424. అందుకే 400 వోల్టుల కెపాసిటర్ పనికిరాదు, 450ది పెట్టాలి. వీధి స్తంభం దగ్గర న్యూట్రల్ తెగితే ఇంట్లోకి 400 వోల్టుల దాకా రావచ్చు. అప్పుడు శిఖరం 566, ఏ 450 రకమూ నిలవదు. పిడుగులకి పెట్టే వేరిస్టర్ అనే భాగం క్షణకాలపు వోల్టేజీ ఉప్పెననే ఆపగలదు, నిమిషాల తరబడి వచ్చే హై వోల్టేజీకి అదే ముందు కాలిపోతుంది. దాని ముందు ఫ్యూజు, వెనక వోల్టేజీ మీరితే విడదీసే సర్క్యూటు రెండూ ఉన్న బోర్డులే మన ఊళ్లలో బతుకుతాయి.

బిగించేటప్పుడు జరిగే పొరపాట్లు ఎక్కువగా పాతవే. మూడు రెక్కలూ ఒకే బరువు చూసి ఒక డబ్బాలో పెడతారు. రెండు ఫ్యాన్ల రెక్కలు కలిసిపోతే ఎంత బిగించినా ఊగుతుంది. బిగించాక ఒక్కో రెక్క కొసకీ పక్క రెక్క కొసకీ మధ్య దూరం టేపుతో కొలవండి, మూడూ సమానంగా రావాలి. సీలింగ్‌కీ రెక్కకీ మధ్య కనీసం ఒక అడుగు ఖాళీ లేకపోతే పైనుంచి లాగడానికి గాలి ఉండదు, వాట్లు ఎన్నైనా వృథాయే. రాడ్డు బోల్టుకి స్ప్లిట్ పిన్ వేసి, రెండు కొసలూ విడదీసి వంచాలి. రాడ్డు పై కొసన ఉండే కప్పు స్లాబుకి ఆనిందంటే గుయ్యిమని మోత వస్తుంది, అరంగుళం దించితే పోతుంది. హాల్లో రెండు ఫ్యాన్లుంటే ఒక రిమోట్‌కి రెండూ పలకవచ్చు. జత కట్టే పద్ధతి కాగితంలో ఉంటుంది, ఎలక్ట్రీషియన్ వెళ్లకముందే చేయించండి.

చివరిది రిపేరు. ఇక్కడ ఈ ఫ్యాన్ పాతదానికి ఇంకా సరితూగలేదు. కండెన్సర్ ఏ వీధి షాపులోనైనా దొరుకుతుంది, వైండింగ్ కాలితే కట్టేవాళ్లున్నారు. బోర్డు మాత్రం ఆ కంపెనీ దగ్గరే దొరకాలి. యూనివర్సల్ బోర్డులు వస్తున్నాయి గానీ, అయస్కాంతాల సంఖ్య, వైండింగ్ చుట్లు కలవకపోతే ఫ్యాన్ మొదలుకాదు, లేదా తిరిగి వేడెక్కుతుంది. డిజైనర్ చేతిలో ఉన్నది బోర్డు ఎక్కడ పెట్టాలన్నది. రోటర్ లోపల పెడితే ఫ్యాన్ దించాలి, రెక్కలు తీయాలి, పెంకు విప్పాలి. ఇద్దరు మనుషుల పని. కదలని ఇరుసు కింద కప్పులో, ఊడదీసే ప్లగ్గుతో పెడితే ఒక స్టూలు, ఒక స్క్రూడ్రైవర్ చాలు. ఈ బల్ల మీద రెండు రకాలూ ఉన్నాయి. కరెంటు లేదు, భయపడక్కర్లేదు. ఎవరైనా ముందుకొచ్చి ఒక్కోదాని బోర్డు బయటికి తీయండి, పక్కవాళ్లు గడియారం చూడండి.