ఆదివారం మీటరు ఏం చెబుతుంది?

శ్రోతలకు నమస్కారం. ప్రభుత్వ ఆఫీసుల్లో కరెంటు ఖర్చు తగ్గించాలనగానే కొత్త సామాన్ల కొటేషన్లు మొదలవుతాయి. అంతకన్నా ముందు మీటరు దగ్గరికి వెళ్లండి. శనివారం సాయంత్రం ఆరింటికి తాళం వేస్తూ రీడింగు రాయండి. సోమవారం ఉదయం తొమ్మిదింటికి మళ్లీ చూడండి. మధ్యలో 39 గంటలు. 78 యూనిట్లు తిరిగిందనుకోండి, మనిషి లేని ఆఫీసు గంటకు 2 యూనిట్లు తాగుతోందన్నమాట. పెద్ద లోడుకు పెట్టే సీటీ మీటరైతే తేడాను ఎం.ఎఫ్.తో, అంటే ఆ మీటరుకిచ్చిన గుణకంతో గుణించాలి, మరవొద్దు.

ఎక్కడ పోతోందో పట్టడం తేలికే. సర్వరు లైను వదిలేసి, మిగతా ఎంసీబీలు, అంటే బోర్డులో లైనుకొకటి ఉండే స్విచ్చులు, ఒక్కొక్కటే దించండి. ఏది దించితే మీటరు మీది ఎర్రలైటు మినుకు నెమ్మదిస్తుందో, పట్టాల్సింది ఆ లైనునే. చాలాసార్లు అక్కడ దొరికేది ఎవరూ నీళ్లు తాగని రోజున కూడా చల్లబరుస్తూ కూర్చున్న వాటర్ కూలరు. లేదా కారే ఫ్లష్ ట్యాంకు కోసం పదేపదే ఆన్ అయ్యే ఆటోమేటిక్ మోటారు. అక్కడ పాడైంది కరెంటు సామాను కాదు, చిన్న వాషరు.

ఇక ఫ్యాన్లు. మన నెల్లూరు, ఒంగోలు ఎండల్లో ఇవి ఆగేదెప్పుడు? పాత ఫ్యాను 75 వాట్లు, తక్కువ కరెంటుతో తిరిగే కొత్తరకం మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాను సుమారు 30. నలభై ఫ్యాన్లు మారిస్తే రోజుకు 8 గంటల చొప్పున 25 రోజులకు 360 యూనిట్లు మిగులుతాయి. అయితే బిగించేటప్పుడు పాత రెగ్యులేటరు తీసేసి వైరు నేరుగా కలపాలి. అది ఉంచేస్తే ఫ్యాను లోపలి బోర్డు పాడవొచ్చు. ఆఫీసులో రిమోటు నెల తిరక్కుండా మాయమవుతుంది కాబట్టి, గోడ స్విచ్చితోనూ వేగం మారే రకం చూసుకోండి.

ఏసీ 24 దగ్గర పెట్టి, ఫిల్టరు పదిహేను రోజులకోసారి కడగండి. సముద్రం దగ్గరి ఆఫీసుల్లో బయటి యూనిట్ రెక్కలకు ఉప్పు పడుతుంది. మెయిన్ ఆపి, మంచినీళ్లతో మెల్లగా కడగాలి. ప్రెషర్ పంపు పెడితే రెక్కలు వంగిపోతాయి. పడమటి అద్దాలకు లోపల కర్టెన్ కన్నా బయట తడిక మేలు, ఎండ అద్దం దాటి లోపలికొచ్చాక ఆ వేడిని మోయాల్సింది ఏసీయే.

ఇవన్నీ చేశాక కూడా బిల్లు అనుకున్నంత తగ్గకపోతే, ఫిక్స్‌డ్ ఛార్జీల వరస చూడండి. అది కాంట్రాక్టెడ్ లోడు, అంటే కనెక్షనుకు ఒప్పందంలో రాసుకున్న కిలోవాట్ల మీద పడుతుంది, వాడకం మీద కాదు. లోడు తగ్గించమని కరెంటు పంపిణీ సంస్థ డిస్కంకు దరఖాస్తు పెట్టేదాకా పాత లెక్కే నడుస్తుంది.