రానివాళ్ల ఓట్లు: జెరూసలేం, 1993

సభకు నమస్కారం.

ఏళ్ల తరబడి పాతుకుపోయిన మేయరును ఓడించేది ఎవరు? ప్రత్యర్థి అనుకుంటాం. నా దృష్టిలో, ఇంట్లో కూర్చున్న ఓటర్లు. అందుకే ఈ రోజు జెరూసలేం గురించి మాట్లాడతాను.

టెడ్డీ కొలెక్ 1965లో అక్కడ మేయరయ్యారు. ఇజ్రాయెల్ మ్యూజియం ఏర్పాటుకు పట్టుబట్టింది ఆయనే. ఇంటి ఫోన్ నంబరు డైరెక్టరీలోనే ఉండేది. వీధి సమస్య వస్తే జనం నేరుగా మేయరింటికే ఫోన్ చేసేవారు. అలాంటి మనిషి ఓడిపోతాడని ఎవరనుకుంటారు?

1993 నాటికి ఆయనకు 82 ఏళ్లు. ఇక చాలనుకున్నారు. లేబర్ పార్టీ నేత, ఇజ్రాయెల్ ప్రధాని రబిన్ ఒత్తిడి చేసి మళ్లీ బరిలోకి దింపారు. ఇరవై ఎనిమిదేళ్లలో వారసుణ్ణి తయారు చేసుకోని పార్టీకి అంతకన్నా దారి లేదు. ఈ తప్పు నేను పార్టీ మీదే కాదు, కొలెక్ మీద కూడా వేస్తాను.

ఎదుట నిలిచింది లికుడ్ పార్టీ ఎహూద్ ఓల్మెర్ట్, ఇంకా యాభై నిండలేదు. మత సంప్రదాయవాదులైన హరేదీల అభ్యర్థి మెయిర్ పోరుష్ చివరి క్షణంలో తప్పుకుని ఓల్మెర్ట్‌కు మద్దతిచ్చారు. ఆ వర్గం కట్టకట్టుకుని పోలింగ్‌కు కదిలింది. కొలెక్‌ను ఇష్టపడే లౌకికవాదుల్లో మాత్రం చాలామంది గడప దాటలేదు.

ఇక తూర్పు జెరూసలేం అరబ్బులు. 1967 యుద్ధం తర్వాత నగరంలో కలిపేసిన ప్రాంతం వాళ్లది. జనాభాలో నాలుగో వంతు పైనే. మునిసిపల్ ఎన్నికల్లో ఓటు హక్కుంది, కానీ ఓటేస్తే ఇజ్రాయెల్ పాలనను ఒప్పుకున్నట్టే అవుతుందని అత్యధికులు దూరంగా ఉండేవారు. అంతకుముందు కొందరైనా వచ్చి కొలెక్‌కే వేసేవారు. 1987లో ఇంతిఫాదా, అంటే ఇజ్రాయెల్ పాలన మీద పాలస్తీనీయుల తిరుగుబాటు, మొదలయ్యాక ఆ కొద్దిమందీ తగ్గిపోయారు. వాళ్లను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. వాళ్ల పేటల్లో రోడ్లకూ మురుగునీటి పారుదలకూ చేసింది ఎంత తక్కువో 1990లో ఒక పత్రికా ఇంటర్వ్యూలో కొలెకే ఒప్పుకున్నారు. ఓటు వేయని పేటకు పనులు జరగవు, పనులు జరగని పేటకు ఓటు మీద ఆశ పుట్టదు. ఈ చిక్కుముడి విప్పడానికి ఆయనకున్నంత సమయం ఇంకెవరికీ దొరకలేదు.

ఓల్మెర్ట్ భారీ తేడాతో గెలిచారు. పదేళ్ల తర్వాత, 2003లో, హరేదీ వర్గానికే చెందిన ఉరి లుపోలియాన్‌స్కీ ఆ నగరానికి మేయరయ్యారు.