ఒంటరిగా నంది మెట్లెక్కితే

శ్రోతలకు నమస్కారం.

బెంగళూరులో చలి మొదలైందంటే చాలు, ఆదివారం తెల్లవారకముందే నంది కొండ దారిలో కార్లూ మోటారు సైకిళ్ళూ బారులు తీరుతాయి. అందరూ సూర్యోదయం కోసం బయలుదేరినవాళ్ళే. చాలామందికి దర్శనమిచ్చేది మాత్రం ముందున్న కారు వెనక ఎర్రదీపాలు. ఎలాగో పైకి చేరినా, ఈ నెలల్లో అక్కడ తరచూ మంచు కమ్ముకుని ఉంటుంది. సూర్యుడు వచ్చాడో లేదో ఒకరినొకరు అడిగి తెలుసుకోవాల్సిందే.

అదే కొండకు ఇంకో దారి ఉంది. సుల్తాన్‌పేట వైపు నుంచి పాత రాతిమెట్లు ఉన్నాయి. ఆ మెట్ల గురించి, వాటిని ఒక్కరే ఎక్కడం గురించి, దారిలో కనబడే ఒక పిట్ట గురించి ఈ పూట చెబుతాను. ముఖ్యంగా పిట్ట గురించే.

నంది కొండ నగరానికి దాదాపు 60 కిలోమీటర్ల దూరం, 1,478 మీటర్ల ఎత్తు. కోట, టిప్పు సుల్తాన్, బ్రిటిష్ కాలంలో మైసూరు కమిషనరుగా ఉన్న కబ్బన్ దొర బంగళా, ఇవన్నీ మీరు విన్నవే. ఒక్క మాట మాత్రం చెప్పకుండా ఉండలేను. ఈ నంది కొండల ప్రాంతంలో పుట్టిన పెన్నే అనంతపురం, కడప దాటుకుని నెల్లూరు జిల్లాలో సముద్రంలో కలుస్తుంది. చిక్కబళ్ళాపురం పరిసరాల్లో తెలుగు మాట్లాడేవాళ్ళకూ కొదవ లేదు. మెట్ల మొదట్లో జామకాయలు అమ్ముకునే ఒక పెద్దావిడ నన్ను చూసి తెలుగులోనే పలకరించింది. "ఒక్కడివే పోతున్నావా నాయనా? సంచి వీపుకు కాదు, ముందుకు తగిలించుకో. కోతులు వెనక నుంచి లాగుతాయి." కొండల మీద నడక గురించి నేను విన్న సలహాల్లో ఇంతకంటే పనికొచ్చింది లేదు.

ఒక్కరే ఎందుకు అంటారేమో. మనిషికి మనిషి తోడుంటే మాటలుంటాయి. మెట్రో ఎప్పుడొస్తుంది, స్థలాల ధరలు ఎక్కడికి పోతున్నాయి, మీ అబ్బాయి ఏం చదువుతున్నాడు... ఈ మాటలు జరుగుతున్నంతసేపూ పొదలో చప్పుడు వినబడదు. ఈ నడకలో కన్ను కంటే ముందు పని చేయవలసింది చెవి. అయితే ఒంటరిగా వెళ్ళేవారు ఏ దారిన వెళ్తున్నారో, ఎన్ని గంటలకు దిగుతారో ఇంట్లో చెప్పి వెళ్ళాలి. బాగా తెల్లవారాకే మెట్లెక్కాలి. ఆ చుట్టుపక్కల కొండల్లో చిరుతలు తిరుగుతాయి.

చలికాలంలో పైనున్న చెట్ల నీడలో హిమాలయాల నుంచి వచ్చిన అతిథులు దిగుతాయి. నీలి టోపీ పెట్టుకున్న రాక్ థ్రష్ వస్తుంది. ఒళ్ళంతా నీలంగా ఉండే వెర్డిటర్ ఫ్లైక్యాచర్ వస్తుంది. తోక ఆడిస్తూ కాలువ గట్టున పరుగెత్తే వాగ్‌టెయిల్ వస్తుంది. వీటిని చూడటానికి కెమెరాలతో వచ్చేవాళ్ళు చాలామందే ఉన్నారు. నా మనసు మాత్రం ఎక్కడి నుంచీ రాని, ఎక్కడికీ పోని పిట్ట మీద ఉంటుంది. దాని పేరు కొండ పిగిలి.

పిగిలిపిట్ట మీకు తెలుసు, మన పెరళ్ళలో తిరిగే బుల్‌బుల్. కొండ పిగిలి దానికి దాయాది. ఇది పెరడు తొక్కదు. బండలు, ముళ్ళపొదలు, అడపాదడపా ఒక జువ్వి చెట్టు ఉన్న కొండవాలులోనే బతుకుతుంది. దక్షిణ భారతంలో తప్ప ప్రపంచంలో మరెక్కడా లేదు. హార్స్‌లీ కొండ మీద ఉంది, శేషాచలం కొండల్లో ఉంది, ఇక్కడ నందిలో ఉంది. దీన్ని శాస్త్రలోకానికి పరిచయం చేసినవాడు 19వ శతాబ్దంలో నెల్లూరులో వైద్యుడిగా పనిచేసిన థామస్ జెర్డన్. పెన్న పుట్టినచోటా ఈ పిట్టే, పెన్న కలిసే చోట ఈ పిట్టకు పేరు పెట్టిన వైద్యుడూ! నాకు ఇటువంటివి సరదా, ఏమనుకోకండి.

సగం మెట్లెక్కాక ఒక మలుపు దగ్గర పెద్ద బండ ఉంది. దాని చీలికలో వేరు దించిన జువ్వి చెట్టు. అక్కడ కూర్చున్నాను. మొదట ఏమీ లేదు. కూర్చున్నాను. ఎర్రచెంపల పిగిలిపిట్టలు గుంపుగా వచ్చి వాలాయి. నల్లటి జుట్టు నిక్కబొడుచుకుని ఒకటే గోల, పళ్ళు సగం తిని సగం కింద పారేయడం. అవి కొంచెం సర్దుకున్నాక, వెనక కొమ్మలో చడీచప్పుడూ లేకుండా ఇంకొకటి కదిలింది. అదే కొండ పిగిలి. జుట్టు లేదు. తలా గొంతూ పసుపు ముద్దలో ముంచి తీసినట్టున్నాయి. రొమ్ము బూడిద రంగు, తోక చివర లేత పసుపు అంచు. ఒక పండు తుంచుకుంది, మింగింది, ముక్కును కొమ్మకు అటొకసారి ఇటొకసారి రాసింది. ఇంతలో ఒక మగకోతి వచ్చి కొమ్మను ఊపింది, పిట్టలన్నీ లేచిపోయాయి. నేను కదలలేదు. కోతి కడుపు నింపుకుని వెళ్ళాక మొదట ఎర్రచెంపలవి, ఆ తర్వాత ఆ పసుపుతలదీ తిరిగి వచ్చాయి.

అదే సమయానికి ఇద్దరు కుర్రవాళ్ళు పైకి వస్తూ ఆగారు. మర్యాదస్తులే, నన్ను చూసి గొంతు తగ్గించారు. ఒకరు ఫోను తీసి ఆ పిట్ట కూతనే గట్టిగా వినిపించారు. పిట్ట వెంటనే దగ్గరి కొమ్మకు వచ్చి మెడ చాచి అటూ ఇటూ వెతికింది. వాళ్ళకు మంచి ఫోటో దొరికింది. పిట్టకు దొరికింది మాత్రం లేని శత్రువు. తన చోటుకు ఇంకొకరు వచ్చారనుకుని తిండి మానేసి కాపలా కాస్తుంది. ఒక్కసారైతే పోనీ అనుకోవచ్చు. చలికాలమంతా వచ్చినవాళ్ళందరూ అదే చెట్టు కింద అదే కూత వినిపిస్తే అది ఎప్పుడు తినాలి? అసలే ఇది అంతరించిపోయే ముప్పున్న జాతుల జాబితాలో ఉన్న పిట్ట. బండరాతి కొండలను కంకర కోసం తవ్వేస్తుంటే దాని ఇల్లే కరిగిపోతోంది. చిక్కబళ్ళాపురం చుట్టూ ఒకసారి చూడండి, సగం కొరికేసిన కొండలు కనబడతాయి. క్వారీలను మీరూ నేనూ ఒక్కరోజులో ఆపలేం. ఫోనులో కూత ఆపడం మన చేతిలో పనే. ఆ మాటే వాళ్ళతో అన్నాను. "బాబూ, పది నిమిషాలు కూర్చోండి, అదే వస్తుంది" అన్నాను. కూర్చున్నారు.

కాబట్టి వెళ్ళేవాళ్ళు వారం మధ్యలో వెళ్ళండి, ఆదివారం వద్దు. తినుబండారాలు చేత్తో పట్టుకోకండి, ప్లాస్టిక్ కవరు గలగలలాడిస్తే కోతులు మీ వెంటే వస్తాయి. సంచి ముందుకు తగిలించుకోండి. పళ్ళున్న జువ్వి చెట్టు చూసుకుని, కొంచెం దూరంగా, నీడలో కూర్చోండి. ఫోను సంచి అడుగున ఉండనివ్వండి. కొండ పిగిలి రాకపోయినా ఎర్రచెంపలవి ఎలాగూ వస్తాయి, వాటి గోల చూసినా బస్సు ఛార్జీ గిట్టినట్టే.

సెలవు. నమస్కారం.