ఎనిమిది గంటలు సరే, ఏ ఎనిమిది గంటలు?

నమస్కారం. నెల్లూరు నుంచి మాట్లాడుతున్నాను.

"రోజుకి ఎనిమిది గంటలు పడుకుంటున్నా కదా, ఎప్పుడు పడుకుంటే ఏం?" ఈ మాట విన్నప్పుడల్లా నాకు మనసు ఆగదు. కాలేజీ పిల్లలు అంటారు, మా మామ కొడుకూ అంటాడు. నిద్ర తక్కువైతే మనసు పాడవుతుందని మీ అందరికీ తెలుసు, అది మళ్లీ చెప్పను. గంటలు సరిపోయినా, వేళలు రోజుకో రకంగా మారుతుంటే ఏం జరుగుతుందో చెప్తాను.

మా మామకి విడవలూరు వైపు రొయ్యల గుంటలున్నాయి. రోజుకి నాలుగు పూటలు మేత వేస్తాడు, వేళ తప్పడు. ఒకసారి అడిగాను: "మామా, రోజుకి ఇన్ని కిలోలని లెక్క ఉందిగా, వీలైనప్పుడు ఒకేసారి వేసేస్తే పోదా?"

"వేయడానికేం అబ్బయా, రొయ్య తినాలి కదా" అన్నాడు.

తినని మేత అడుక్కి చేరి కుళ్లుతుంది, అమ్మోనియా పుడుతుంది. పుస్తకంలో మేత లెక్క సరిగ్గానే ఉంటుంది, గుంట మాత్రం పాడైపోతుంది. మీ ఎనిమిది గంటలు కూడా ఆ పుస్తకంలో లెక్కలాంటివే.

(స్క్రీన్ మీద మెదడు బొమ్మ)

మెదడు అడుగున, రెండు కళ్ల నరాలు కలిసే చోటుకి కాస్త పైన, సుమారు 20,000 కణాల చిన్న ముద్ద ఉంది. సుప్రాకయాస్మాటిక్ న్యూక్లియస్ అంటారు. మనం గుంట కాపలా మనిషి అనుకుందాం. ఇతని సొంత రోజు 24 గంటల కంటే కొద్దిగా ఎక్కువ. అందుకే రోజూ పొద్దుటి వెలుగు చూసి టైం సరిచేసుకుంటాడు.

ఈ కాపలా మనిషి అన్నీ ముందే సిద్ధం చేస్తాడు. గుంటలో తెల్లవారుజామున ఆక్సిజన్ బాగా పడిపోతుంది. అందుకే మామ ఆ వేళకి ముందే ఏరియేటర్లు, అంటే నీళ్లలో గాలి కలిపే యంత్రాలు, తిప్పిస్తాడు. రొయ్యలు పైకి తేలాక పరిగెత్తితే లాభం లేదు. అలాగే మీరు లేవకముందే ఒంటిని మెలకువకి సిద్ధం చేసే కార్టిసాల్ అనే హార్మోన్ పెరగడం మొదలవుతుంది, పడుకునే వేళకి ముందే నిద్రవేళ అయిందని ఒంటికి చెప్పే మెలటోనిన్ అనే హార్మోన్ వస్తుంది. మరి మీరు సోమవారం ఆరింటికి, బుధవారం తొమ్మిదింటికి, ఆదివారం పదకొండింటికి లేస్తే ఆ కాపలా మనిషి ఏ వేళకని సిద్ధం చేయాలి? నిండా పడుకుని లేచినా ఒళ్లు బరువుగా, చిరాగ్గా ఉండేది ఇందుకే.

ఇది నా ఊహ కాదు. 2017లో అచ్చైన ఒక అధ్యయనం కోసం అమెరికాలోని హార్వర్డ్‌లో 61 మంది విద్యార్థుల నిద్రను 30 రోజులు గమనించారు. వేళకి పడుకునేవాళ్లకీ, వేళాపాళా లేనివాళ్లకీ మొత్తం నిద్ర గంటల్లో పెద్ద తేడా లేదు. అయినా వేళ తప్పినవాళ్లలో మెలటోనిన్ రెండున్నర గంటలకు పైగా ఆలస్యంగా వచ్చింది. ఊరు దాటకుండానే వేరే దేశంలో విమానం దిగినట్టు. మార్కులూ తక్కువే.

ఇక మనసు సంగతి. 2021లో అచ్చైన ఇంకో అధ్యయనం కోసం మిచిగాన్ విశ్వవిద్యాలయం వాళ్లు 2,100 మందికి పైగా జూనియర్ డాక్టర్లకి నిద్రని కొలిచే చేతి పట్టీలు పెట్టి ఏడాది పాటు చూశారు. నిద్రవేళలు ఎంత అటూఇటూ అయితే, డిప్రెషన్ లక్షణాలు అంత ఎక్కువ. లేచే టైం రోజుకోలా మారేవాళ్లకి మూడ్ కూడా బాగుండలేదు. మనసు ఒకప్పుడు మరీ ఉత్సాహంగా, ఒకప్పుడు మరీ కుంగిపోయి ఉండే బైపోలార్ జబ్బుకైతే, లేవడం, తినడం, నలుగురిని కలవడం ఒకే వేళకి జరిగేలా చూసుకోవడం మందులతో పాటు చికిత్సలో భాగంగానే నేర్పిస్తారు. దినచర్య అంటే మనం పెద్దవాళ్ల చాదస్తం అనుకుంటాం. నాకైతే ఈ విషయం చాలా నచ్చింది.

టైం అయిపోతోంది, మిగతావి గబగబా చెప్తాను. పడుకునే టైం మన చేతుల్లో ఉండదు, నిద్ర రావాలి కదా. కాబట్టి ముందు లేచే టైం పట్టుకోండి, ఆదివారం కూడా. అరగంట, గంట అటూఇటూ అయినా ఫర్వాలేదు. లేవగానే బయటి వెలుగులోకి రండి. నిద్ర చాలకపోతే మధ్యాహ్నం కాసేపు కునుకు తీయండి, సాయంత్రం మాత్రం వద్దు. నైట్ డ్యూటీ వాళ్లూ, రాత్రిళ్లు గుంటల మీద ఉండేవాళ్లూ, మిమ్మల్ని నేను తప్పు పట్టడం లేదు. సెలవు రోజున కూడా మీ నిద్రలో కొన్ని గంటలైనా రోజూ పడుకునే వేళలోనే ఉండేలా చూసుకోండి, గది చీకటిగా పెట్టుకోండి.

ఒక్క మాట మాత్రం నిదానంగా చెప్పాలి. ఇది రెండు వైపులా జరుగుతుంది. వేళ తప్పితే మనసు కుంగుతుంది, మనసు కుంగితే నిద్రా చెదురుతుంది. కాబట్టి డిప్రెషన్‌లో ఉన్నవాళ్లతో "వేళకి పడుకో, అదే పోతుంది" అనకండి. అది గుంటలో జబ్బు వచ్చాక మేత టైం గురించి క్లాసు పీకడమే. వాళ్లని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. వెంటనే మాట్లాడాలంటే మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వ ఫోన్ సేవ టెలీ మానస్ ఉంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. నంబరు 14416, స్క్రీన్ మీద ఉంచుతున్నాను, రాసుకోండి.